ల్యాప్‌టాప్‌ బ్యాటరీ పోయిందా? ముందు గోడ సాకెట్టు చూడండి

మాచర్ల (మన విలేకరి): బోరు మోటారు తిరగకపోతే పల్నాటి రైతు ముందుగా మోటారును పైకి లాగడు. కరెంటు ఉందో లేదో చూస్తాడు. ఫీజు చూస్తాడు, స్టార్టరు చూస్తాడు, కేబులు ఎక్కడైనా కాలిందేమో తడిమి చూస్తాడు. ఇవన్నీ సవ్యంగా ఉన్నాయని తేలాకే పైపులు తీయించే ఖర్చుకు సిద్ధపడతాడు. అదే ఇంట్లో పిల్లల ల్యాప్‌టాప్‌కు ఛార్జింగు ఎక్కకపోతే మాత్రం ఈ వరస ఎవరికీ గుర్తుకు రావటం లేదు. సంచిలో పెట్టుకుని బస్సెక్కుతున్నారు. షాపువాడు "బ్యాటరీ పోయింది" అంటే బ్యాటరీకి, "బోర్డు పోయింది" అంటే బోర్డుకు డబ్బు లెక్కపెట్టి ఇంటికి వస్తున్నారు. నిజంగా పోయిందా అని అడిగే వారు తక్కువ.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో ల్యాప్‌టాప్‌ అంటే బ్యాంకు మేనేజరు చేతిలోనో, పెళ్లి ఫోటోలు తీసే స్టూడియోలోనో కనిపించే వస్తువు. 2020లో కరోనా వచ్చి కాలేజీలు మూతపడిన తర్వాత పరిస్థితి మారింది. పాఠాలు తెర మీదికి వచ్చాయి. ఉద్యోగస్థులైన కుర్రవాళ్లు హైదరాబాదు, బెంగుళూరు నుంచి ఊళ్లకు చేరి అరుగుల మీద, మేడ గదుల్లో కూర్చుని పనిచేశారు. మిరపకాయలు అమ్మిన డబ్బుతో కొన్నవారు కొందరైతే, వడ్డీకి తెచ్చి కొన్నవారు మరికొందరు. కాలేజీ చదువు, ఉద్యోగానికి రాసే పరీక్ష, మొదటి వడపోత ఇంటర్వ్యూ అన్నీ ఇప్పుడు దాని మీదే. అది ఆగిపోతే ఆ ఇంట్లో ఆగిపోయేది చిన్న పని కాదు.

ఎలుక కొరికితే బ్యాటరీ మార్చారు

కారెంపూడి వైపు ఒక గ్రామంలో బీటెక్‌ ఆఖరు సంవత్సరం చదివే అమ్మాయి ఇంట్లో జరిగిన సంగతి ఇది. ఆమె ల్యాప్‌టాప్‌కు ఛార్జింగు ఒక్కోసారి ఎక్కేది, ఒక్కోసారి ఎక్కేది కాదు. తండ్రి ల్యాప్‌టాప్‌ ఒక్కటే పట్టుకుని పట్నం వెళ్లాడు. ఛార్జరు ఇంట్లోనే ఉండిపోయింది. షాపులో తమ ఛార్జరు పెట్టి చూశారు, బ్యాటరీ పాతబడిందన్నారు, కొత్తది వేశారు. అక్కడి ఛార్జరుతోనే కొంత ఎక్కించి, చూడండి ఎక్కుతోంది అని చూపించారు. కళ్లెదుట ఎక్కుతుంటే ఎవరు మాత్రం కాదంటారు? వేల రూపాయలు చెల్లించి ఆయన ఇంటికి వచ్చాడు.

ఆ వారంలోనే అమ్మాయికి ఒక కంపెనీ ఉద్యోగానికి పరీక్ష. ప్లగ్గు పెట్టే కూర్చుంది. ముప్పావు గంటకు తెర ఆరిపోయింది. మళ్లీ తెరుచుకునేసరికి గడువు దాటిపోయింది. కొత్త బ్యాటరీలో షాపువారు ఎక్కించిన కాస్త ఛార్జింగే అంతసేపు నడిపిందన్న మాట. తర్వాత చుట్టపుచూపుగా వచ్చిన పెదనాన్న కొడుకు తన ఛార్జరు తగిలిస్తే దీపం వెలిగింది. చివరికి తేలింది ఏమిటంటే, గోడ ప్లగ్గు నుంచి అడాప్టరు దాకా వచ్చే నల్ల తీగను ధాన్యం బస్తాల వెనక ఎలుక కొరికింది. లోపలి రాగి పోగులు ఒకటి రెండు తగులుతూ, విడిపోతూ ఉన్నాయి. అడాప్టరు కూడా బాగానే ఉంది. ఆ తీగ విడిగా దొరుకుతుంది, దాని ఖరీదు ఆనాటి బస్సు ఛార్జీల పాటి చేయదు. తీసేసిన పాత బ్యాటరీ షాపులోనే ఉండిపోయింది కనుక అది మంచిదో చెడ్డదో ఇక తేలదు.

షాపువారిది మోసమని చెప్పటానికి లేదు. తమ ముందున్న వస్తువును బట్టి వారు చెప్పారు. కాకపోతే మరమ్మతుకు తీసుకువెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు సొంత ఛార్జరు, సొంత తీగ కూడా సంచిలో ఉండాలి. ఈ ఒక్క జాగ్రత్త ఉంటే ఆ ఇంటికి ఆ ఖర్చు తప్పేది.

గోడ దగ్గర మొదలు పెట్టండి

పరీక్ష గోడ దగ్గర మొదలై బ్యాటరీ దగ్గర ముగియాలి. ముందుగా ఆ సాకెట్టులోనే సెల్‌ఫోను ఛార్జరో టేబులు ఫ్యానో పెట్టి చూడండి. పనిచేస్తే సరిపోదు, ప్లగ్గును కొంచెం అటూ ఇటూ కదిపినా ఆగకుండా పనిచేయాలి. పాత ఇళ్లలో సాకెట్ల లోపలి ఇత్తడి రేకులు సాగిపోయి ప్లగ్గు పిన్నులను పట్టుకోవు. ప్లగ్గు దగ్గర చిటపటలాడినా, తాకితే వేడిగా తగిలినా ఆ సాకెట్టు మార్చవలసిందే. ఒకే సాకెట్టుకు మూడు నాలుగు తగిలించే మల్టీప్లగ్గులదీ ఇదే బాధ. బరువుకు కిందికి వాలి ఉంటాయి.

ఆ తర్వాత తీగ. చాలా అడాప్టర్లకు గోడ వైపు తీగ ఊడి వచ్చేట్టుగా ఉంటుంది. దాని కొసన మూడు రంధ్రాలు మూడు ఆకుల్లా అమర్చి ఉంటాయి. కంపెనీ వేరైనా ఈ తీగ చాలా వాటికి ఒకటే కనుక పక్కింటివారిది అడిగి తెచ్చి ఒక్క నిమిషం చూడవచ్చు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

వోల్టేజి తక్కువగా ఉండటం వల్ల ఛార్జింగు ఎక్కటం లేదని చాలామంది అనుకుంటారు, స్టెబిలైజరు కొనే వారూ ఉన్నారు. అడాప్టరు వెనక చీటీ చదివితే ఈ అనుమానం తీరిపోతుంది. ఇన్‌పుట్‌ 100 నుంచి 240 వోల్టులని దాని మీద అచ్చువేసి ఉంటుంది. ట్యూబులైటు వెలగనంత తక్కువ వోల్టేజిలో కూడా అది పనిచేస్తుంది. దానికి ప్రమాదం ఎక్కువ వోల్టేజితోనే. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరో స్తంభం మీదో న్యూట్రలు తీగ తెగితే, 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 దాకా రావచ్చు. బల్బులు ఒక్కసారి ధగధగ వెలిగి మాడిపోయే సమయం అదే. బల్బు వెలుగు అమాంతం పెరిగినట్టు కనిపిస్తే వెంటనే మెయిను ఆపాలి. అలాంటి దెబ్బ తగిలిన రోజు నుంచి ఛార్జింగు ఎక్కటం లేదంటే ముందుగా అనుమానించవలసింది అడాప్టరును. బ్యాటరీకి, గోడకు మధ్య అడాప్టరు అడ్డుగా ఉంటుంది, చాలాసార్లు తాను పోయి ల్యాప్‌టాప్‌ను కాపాడుతుంది.

పిడుగుల వేళ స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గు గోడ నుంచి ఊడదీయాలి. ఇంటర్నెట్టు తీగ తగిలించి ఉంటే అదీ తీయాలి.

తాకితే జిల్లుమంటే

ఛార్జింగు పెట్టినప్పుడు ల్యాప్‌టాప్‌ రేకు మీద చెయ్యి వేస్తే చీమ కుట్టినట్టు జిల్లుమంటోందని, వేలితో జరిపే పలక మీద బాణం గుర్తు తనంతట తాను గంతులేస్తోందని ఫిర్యాదులు వింటున్నాం. దీనికీ బ్యాటరీనే దోషిగా నిలబెడుతున్నారు. అడాప్టరులో కరెంటు రొదను అణచటానికి చిన్న కెపాసిటర్లు పెడతారు. వాటి గుండా అతి స్వల్పంగా కరెంటు బయటికి జారుతుంది. ఎర్తింగు సరిగా ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే రేకు మీద నిలుస్తుంది. మన ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది, పైరంధ్రానికి తీగ ఉండదు. తీగ ఉన్నచోట పెరట్లో గొయ్యి ఎండిపోయి ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసి ఎన్నేళ్లయిందో ఇంటి యజమానికే తెలియదు. వేసవిలో ఆ గొయ్యికి అప్పుడప్పుడు ఒక బిందెడు నీళ్లు పోయటం మన పెద్దలు చేసిన పనే. మూడు పిన్నుల ఛార్జరే అయితే ఎర్తింగు బాగు చేయించగానే ఈ జిల్లు పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్టులో పెట్టటానికి కొందరు పైపిన్నును విరిచేస్తున్నారు. ఇంతకన్నా తెలివితక్కువ పని లేదు. ఆ పిన్ను మనిషి కోసం పెట్టింది. జిల్లుమనటం మించి గట్టిగా షాకు కొడితే మాత్రం వెంటనే తీసేసి ఎలక్ట్రీషియనును పిలవాలి.

చీటీలో రెండు అంకెలు

ఇక అడాప్టరు. దాని మీద చీమల బారులాంటి అక్షరాల్లో అవుట్‌పుట్‌ అని ఒక వరస ఉంటుంది. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉందనుకోండి. రెండూ గుణిస్తే 65 వాట్లు. కొత్త ఛార్జరు కొనేటప్పుడు వోల్టులు పాతదానితో సరిపోవాలి. ఆంపియర్లు పాతదానికి సమానంగా ఉండాలి, ఎక్కువ ఉన్నా నష్టం లేదు, తక్కువ పనికిరాదు. 65 వాట్ల యంత్రానికి 45 వాట్ల ఛార్జరు పెడితే ల్యాప్‌టాప్‌ నడుస్తున్నంతసేపు బ్యాటరీకి మిగిలేది ఉండదు. కట్టేసి ఉంచినప్పుడు మాత్రం మెల్లగా ఎక్కుతుంది. ఇలాంటిది చూసి బ్యాటరీ చెడిందని తీర్పు చెప్పేవారు ఉన్నారు.

డెల్‌, హెచ్‌పీ కంపెనీల గుండ్రటి ఛార్జరు మూతి మధ్యలో సూది లాంటి సన్నని పిన్ను ఉంటుంది. అది కరెంటు తెచ్చేది కాదు. నేను ఇన్ని వాట్ల ఛార్జరును అని యంత్రానికి కబురు చెప్పేది. అది వంగినా, దాని తీగ లోపల తెగినా ల్యాప్‌టాప్‌ నడుస్తుంది కాని బ్యాటరీకి ఎక్కదు. డెల్‌లో అయితే స్విచ్చి వేయగానే అడాప్టరు ఏ రకమో తెలియటం లేదన్న సందేశం ఇంగ్లీషులో కనిపిస్తుంది. ఆ సందేశం కనిపిస్తే బ్యాటరీ జోలికి పోకుండా ముందు మరో సరైన ఛార్జరుతో చూడాలి.

ఈమధ్య వచ్చే ల్యాప్‌టాపులు చాలావరకు సెల్‌ఫోను తరహా టైప్‌-సి మూతితో వస్తున్నాయి. ఒకే మూతి కావటంతో ఇంట్లో ఎవరి ఛార్జరు ఎవరికి పెడుతున్నారో తెలియటం లేదు. ఫోను ఛార్జరు పెట్టి ఎక్కటం లేదంటే తప్పు ఎవరిది? ఈ రకంలో ఛార్జరు, యంత్రం ముందు మాట్లాడుకుని ఎన్ని వోల్టులు కావాలో తేల్చుకున్నాకే పూర్తి కరెంటు వస్తుంది. కేబులుకు కూడా హద్దు ఉంది. మామూలు టైప్‌-సి కేబులు 3 ఆంపియర్లు, అంటే 60 వాట్ల దాకానే మోస్తుంది. అంతకు మించాలంటే 5 ఆంపియర్ల కేబులు ప్రత్యేకంగా ఉంటుంది. ఒకే యంత్రానికి రెండు టైప్‌-సి రంధ్రాలున్నా కొన్నింటిలో ఒక్కదానికే ఛార్జింగు ఎక్కుతుంది. రంధ్రం పక్కన మెరుపు గుర్తో ప్లగ్గు గుర్తో ఉందేమో చూడాలి.

పాత గుండ్రటి మూతి ఛార్జరయితే షాపులో మీటరు పెట్టి చూడమని మీ ఎదుటే అడగవచ్చు. చీటీ మీద ఉన్న వోల్టులకు దగ్గరగా రావాలి. టైప్‌-సి ఛార్జరుకు ఈ పరీక్ష చెల్లదు. యంత్రానికి తగిలించనప్పుడు అది 5 వోల్టులే చూపవచ్చు, అసలేమీ చూపకపోనూవచ్చు. అంతమాత్రాన చెడినట్టు కాదు. మీటరు చూపించి ఛార్జరు పోయిందని చెప్పే వారికి ఈ సంగతి గుర్తు చేయటం మంచిది.

చవక ఛార్జర్ల గురించి ఒక మాట. మన దేశంలో అమ్మే అడాప్టర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషను తప్పనిసరి. చీటీ మీద ఆ సంస్థ గుర్తు, ఆర్‌ అనే అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్‌ కేర్‌ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో చెబుతుంది. గుర్తు లేని ఛార్జరును రాత్రంతా పెట్టి పడుకోవటం క్షేమం కాదు.

అసలు జబ్బే కాని జబ్బు

గోడ బాగుంది, ఛార్జరు బాగుంది, బ్యాటరీ 80 దగ్గర ఆగిపోయి ఎంతకీ 100 కావటం లేదు. కొన్నింటిలో 60 దగ్గరే ఆగుతుంది. ప్లగ్గు పెట్టే ఉంది, ఛార్జింగు కావటం లేదు అని తెర మీద ఇంగ్లీషులో పడుతుంది. మాచర్లలో మరమ్మతులు చేసే ఒకాయన చెప్పినదాన్ని బట్టి ఈ ఫిర్యాదుతో వచ్చే యంత్రాల్లో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. బ్యాటరీ ఎక్కువ కాలం బతకాలని కంపెనీలే పెట్టిన కట్టుబాటు అది. లెనోవోలో వాంటేజ్‌ అనే ప్రోగ్రాములో కన్జర్వేషన్‌ మోడ్‌ అని ఉంటుంది. ఆసుస్‌లో మైఆసుస్‌ అనే దానిలో ఉంటుంది. డెల్‌, హెచ్‌పీల్లోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. ప్రయాణం ముందు రోజు దాన్ని తీసేసుకుని నూరు ఎక్కించుకోవచ్చు. ఇంట్లో ప్లగ్గు పెట్టే పనిచేసేవారు దాన్ని అలా ఉంచుకోవటమే మేలు.

మరొక చిన్న చిట్కా ఉంది. ఛార్జింగును నడిపే లోపలి చిప్పు ఒక్కోసారి బిగుసుకుపోతుంది. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జరు ఊడదీసి, బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దాన్నీ తీసి, ఆన్‌ చేసే బొత్తాన్ని అర నిమిషం గట్టిగా నొక్కి పట్టుకోవాలి. తర్వాత మళ్లీ అన్నీ తగిలించి ఆన్‌ చేయాలి. మోకాలికి బోడిగుండుకు ముడిపెట్టినట్టు అనిపించినా చాలాసార్లు పనిచేస్తుంది. కంపెనీవారు ఫోనులో మొట్టమొదట చేయమనేది కూడా ఇదే.

ఛార్జరు మూతి పెట్టినచోట కదిపితే ఎక్కటం, వదిలితే ఆగటం ఉంటే దోషం యంత్రానికున్న రంధ్రానిది. తగిలించి ఉండగా వైరు కాళ్లకు తగిలి లాగబడటం వల్ల ఇది వస్తుంది. పిల్లలున్న ఇంట్లో చెప్పనక్కర లేదు. చాలా మోడళ్లలో ఆ రంధ్రం చిన్న తీగతో సహా విడి ముక్కగా దొరుకుతుంది. కొన్నింటిలో బోర్డుకే టంకం వేసి ఉంటుంది. బోర్డు మార్చాలని చెబితే, రంధ్రం విడిగా మార్చే రకమా కాదా అని ఒక్క ప్రశ్న వేయండి. ఖర్చులో ఎంతో తేడా వస్తుంది.

బ్యాటరీ ఆయుష్షు చూసే పద్ధతి

ఇవన్నీ దాటాక బ్యాటరీ వంతు. బ్యాటరీ పాతబడిందా లేదా అన్నది షాపువాడి మాట మీద నమ్మవలసిన పని లేదు. విండోస్‌ యంత్రమే లెక్క చెబుతుంది. స్టార్టు నొక్కి ఇంగ్లీషులో సీఎండీ అని కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, దాన్ని ఆనుకునే బ్యాటరీరిపోర్ట్‌ అని కలిపి కొట్టి ఎంటరు నొక్కాలి. నివేదిక ఎక్కడ దాచిందో అదే చెబుతుంది. దాన్ని తెరిస్తే రెండు అంకెలు చూడాలి. డిజైన్‌ కెపాసిటీ అంటే పుట్టినప్పుడు ఎంత పట్టేదో అది. ఫుల్‌ ఛార్జ్‌ కెపాసిటీ అంటే ఇప్పుడు ఎంత పడుతోందో అది. మొదటిది 42,000, రెండోది 36,000 అయితే బ్యాటరీ బాగున్నట్టే. మార్చమన్నా మార్చవద్దు. రెండోది 21,000కు వచ్చిందంటే సగం ఆయుష్షు తీరింది, మార్చుకునే ఆలోచన చేయవచ్చు. కొన్ని యంత్రాల్లో ఎన్ని ఆవృతాలు నడిచిందో కూడా ఉంటుంది. సగం సగం రెండుసార్లు వాడితే ఒక ఆవృతం. మామూలు ల్యాప్‌టాప్‌ బ్యాటరీకి 300 నుంచి 500 దాకా అయ్యాక బలం తగ్గటం సహజం.

ఈ లిథియం అయాన్‌ బ్యాటరీలను 1991లో మొదట మార్కెట్టులోకి తెచ్చింది జపాను సోనీ కంపెనీ. దీనికి పునాది వేసిన గుడెనఫ్‌, విటింగ్‌హామ్‌, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెలు బహుమతి వచ్చింది. అందులో గుడెనఫ్‌కు అప్పటికి 97 ఏళ్లు. వీరి బ్యాటరీ గుణం మన ట్రాక్టరు బ్యాటరీ గుణం కాదు, పాత నికెలు కాడ్మియం గుణమూ కాదు. పూర్తిగా దించి మళ్లీ ఎక్కించాలన్నది ఆ నికెలు కాడ్మియం రకం నుంచి వచ్చిన మాట. దీనికి 20 దాకా దిగాక ఎక్కించి, 80 దగ్గర ఆపటం హాయి. ఎప్పుడైనా 30 శాతం చూపుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంటే మాత్రం, అంకె చూపే లెక్క తప్పిందేమో తేల్చుకోవటానికి ఒక్కసారి నిండా ఎక్కించి, బాగా దించి, మళ్లీ ఎక్కించి చూడవచ్చు. అప్పటికీ మారకపోతే లోపలి సెల్లు ఒకటి చచ్చినట్టే.

దీనికి అసలు శత్రువు వేడి. వేసవి వస్తే పత్రికల్లో రెంటచింతల పేరు పడటం మామూలే. నీడలోనే 45 డిగ్రీలు దాటే చోట బ్యాటరీ మీద జాలి పడాలి. ఎందుకంటే ఈ బ్యాటరీ ఛార్జింగు ఎక్కించుకునే వేడికి హద్దు మామూలుగా ఆ 45 డిగ్రీలే. అంతకు మించితే లోపలి చిప్పు ఛార్జింగును ఆపేస్తుంది. మధ్యాహ్నం రేకుల గదిలో ఎక్కనిది రాత్రి డాబా మీద ఎక్కుతోందంటే కారణం ఇదే. నూరు శాతం నింపిన బ్యాటరీని 40 డిగ్రీల వేడిలో ఏడాది ఊరకే ఉంచితే సుమారు మూడో వంతు బలం శాశ్వతంగా పోతుందని, 40 శాతం మాత్రమే నింపి ఉంచితే పోయేది అందులో సగం కన్నా తక్కువని నిపుణుల లెక్క. సెలవులకు పక్కన పెట్టేసేవారు దీన్ని గుర్తుంచుకుంటే చాలు. పరుపు మీద, బొంత మీద పెట్టి వాడితే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. ఒక పీటో చెక్కపలకో వేసుకోవాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేసి పెళ్లి భోజనానికి వెళ్లేవారి సంగతి చెప్పనే అక్కర లేదు.

ఉబ్బితే ఒక్క గంట కూడా ఆగవద్దు

పైన చెప్పినవన్నీ డబ్బుకు సంబంధించినవి. ఇది ప్రాణానికి సంబంధించినది. వేలితో జరిపే పలక పైకి లేచినా, అడుగు రేకు బొజ్జలా ఉబికినా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. లోపలి ద్రవం చెడి వాయువు పుడితే సంచి ఇలా ఉబ్బుతుంది. బరువు పెట్టి నొక్కి, స్క్రూలు బిగించి వాడుతున్న వారిని ఈ విలేకరి చూశాడు. సూదితో పొడిస్తే గాలి పోతుందని సలహా ఇచ్చిన పెద్దమనిషినీ విన్నాడు. పొడిస్తే పోయేది గాలి కాదు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి క్షణంలో మంటలు లేస్తాయి, వచ్చే పొగ విషం.

వెంటనే యంత్రం ఆపి ఛార్జరు తీసేయాలి. మంచాల మీద, బీరువాల్లో, ఎండుగడ్డి దగ్గర కాకుండా సిమెంటు నేల మీద విడిగా ఉంచాలి. మళ్లీ ఛార్జింగు పెట్టకూడదు. తెలిసిన మెకానిక్కుతో తీయించాలి. పొగ గాని మంట గాని వస్తే ముందు మెయిను ఆపి, మనుషుల్ని బయటికి పంపి, 101కు ఫోను చేయాలి.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ల్యాప్‌టాప్‌ పేరు చెబితే చాలదు. పాత బ్యాటరీ మీద ఉన్న భాగం నంబరు, వోల్టులు రాసుకువెళ్లాలి. ఒకే పేరున్న యంత్రంలో మూడు సెల్లుల 11.1 వోల్టుల రకం, నాలుగు సెల్లుల 14.8 వోల్టుల రకం రెండూ ఉండవచ్చు. తయారైన తేదీ చూడాలి. అలమరలో రెండు మూడేళ్లు కూర్చున్న బ్యాటరీ అమ్మకముందే ముసలిదవుతుంది. బిల్లు అడగాలి, తీసేసిన పాత బ్యాటరీని చూపించమనాలి. బయటికి ఊడే పాత రకం బ్యాటరీల్లో వేలెడు లావు గుండ్రటి సెల్లులు ఆరు ఉంటాయి. వాటిని మాత్రం మార్చి ఇస్తామని తక్కువకు ఒప్పుకునేవారు ఉన్నారు. చేయి తిరిగినవారు చేస్తే నడవవచ్చు గాని, సెల్లుకు నేరుగా టంకం వేడి తగిలితే అది లోపల దెబ్బ తింటుంది. నాలుగైదు వందలు మిగులుతాయని ఇంట్లో పెట్టుకోదగిన వస్తువు కాదని చెప్పాలి.

పాత బ్యాటరీ ఎక్కడికి?

తీసేసిన బ్యాటరీని చెత్తబండిలో వేయకూడదు. పాత ఇనుప సామాన్లవాడికి వేయకూడదు, అతను సుత్తితో కొట్టి లోపలి రాగి తీస్తాడు. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అమ్మిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత వాటిని తయారుచేసిన, దిగుమతి చేసుకున్న కంపెనీలదే. కొన్నచోట తిరిగి తీసుకోమని మనం అడగవచ్చు. అడిగితే తీసుకుంటున్న షాపులూ ఉన్నాయి. తీసుకున్నాక ఎక్కడికి పంపాలో వారికి తెలియటం లేదు. మాచర్లలో ఒక దుకాణం వెనక ఇసుక నింపిన నూనె డబ్బాలో ఉబ్బినవి, చచ్చినవి కలిపి ముప్పయి దాకా బ్యాటరీలు పాతి ఉన్నాయి. గుంటూరు నుంచి ఎవరైనా వస్తే ఇచ్చేస్తానని యజమాని రెండేళ్లుగా ఎదురు చూస్తున్నాడు. వేసవి వస్తే ఆ డబ్బా మీద తడిగోనె కప్పుతున్నాడట. పల్నాడు జిల్లాలోని మునిసిపాలిటీలు నెలకొక రోజు వీటిని సేకరించే ఏర్పాటు చేయాలని మరమ్మతు దుకాణాల వారు కోరుతున్నారు.